ఊకను లెక్కలో రాయండి: ఇంధన సర్వే అధికారులకు గోదావరి డెల్టా నుంచి బహిరంగ లేఖ

పరిశ్రమలు, ఇంధనం, గణాంకాల పని చూస్తున్న రాష్ట్ర, కేంద్ర అధికారులకు,

విషయం: తయారీ యూనిట్లలో కరెంటు, ఇతర ఇంధనాల వాడకంపై జరుగుతున్న సర్వేల్లో డెల్టా చిన్న యూనిట్లు లెక్కకు రాకపోవడం, అందువల్ల జనానికి కలుగుతున్న నష్టం.

అయ్యా, అమ్మా, నమస్కారం.

పాలకొల్లు, పెనుగొండ చుట్టుపక్కల కొన్ని చిన్న యూనిట్లకు లెక్కలు రాసే గుమాస్తాను నేను. వాటిలో ఉప్పుడు బియ్యం మిల్లులున్నాయి, ఐసు ఫ్యాక్టరీ ఉంది, గోదావరి అవతల కోనసీమలో ఒక కొబ్బరి పీచు మిల్లు ఉంది. కరెంటు బిల్లయినా, బాయిలర్ తనిఖీ కాగితమైనా, సర్వే ఫారమైనా చివరికి నా బల్ల మీదికే వస్తుంది. ఈ లేఖలో ఉన్న సంగతిని ముందు ఒక కార్యాలయంలో అర్జీగా ఇచ్చాం. రసీదు ఇచ్చారు. తరువాత గుర్తుచేస్తే పైకి పంపామన్నారు. పైన ఎవరి దగ్గర ఆగిందో మాకు తెలిసే దారి లేదు కనుక పైనున్న వారందరికీ కలిపి రాస్తున్నాను. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే వాళ్ల సంజాయిషీతో విషయం ముగిసిపోతుంది, సర్వే పద్ధతి అలాగే ఉంటుంది.

జరిగింది ఇది. దాళ్వా (రబీ) వడ్లు మిల్లులకు చేరుతున్న రోజుల్లో, పరిశ్రమల ఇంధన వాడకం మీద సర్వే అంటూ ఒక యువకుడు ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. మర్యాదస్తుడు, కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు, చీకటి పడేలోగా ఇన్ని యూనిట్లు పూర్తి చేయాలని అతని మీద ఒత్తిడి. కరెంటు ఎన్ని యూనిట్లు కాలిందని అడిగితే బిల్లులు చూపించాను. డీజిల్ అడిగితే బంకు రసీదులు చూపించాను. ఆ తరువాత 'ఇతర ఇంధనం, కొన్న విలువ రూపాయల్లో' అనే గడి వచ్చింది. ఊక ఎంతకు కొన్నారని అడిగాడు. ఉప్పుడు బియ్యం మిల్లు ఊక కొనదు. తాను ఆడించిన వడ్ల నుంచి వచ్చిన ఊకనే బాయిలర్‌లో వేసుకుంటుంది. బరువు రాద్దామంటే గడి లేదు, వివరణ రాద్దామంటే చోటు లేదు, ఖాళీగా వదిలితే ట్యాబ్ ముందుకు కదలదు. సున్నా నొక్కాడు, కదిలింది. పగలూ రాత్రీ ఆవిరి తీసే మిల్లు, బాయిలరే లేని మిల్లుగా ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కింది.

ఒక్క మిల్లులో ఒక్క సున్నా అయితే ఈ లేఖ అక్కర్లేదు. అదే ఫారం, అదే గడి తాడేపల్లిగూడెం నుంచి మండపేట దాకా ఎన్ని మిల్లులకు వెళ్లిందో మీకే తెలియాలి. ఆ సున్నాల మీద ఏమేమి నిర్ణయాలు జరుగుతాయో, వాటి బరువు ఎవరి మీద పడుతుందో కింద వరుసగా రాస్తున్నాను.

1. ముందు ఊక సంగతి. వడ్ల బరువులో దాదాపు ఐదో వంతు ఊకే. టన్ను వడ్లు ఆడిస్తే సుమారు 200 కిలోల ఊక వస్తుంది. కిలో ఊక మండితే 3,000 కిలో కేలరీలకు కాస్త అటూ ఇటూగా వేడి వస్తుంది. ఒక యూనిట్ కరెంటును వేడిగా మారిస్తే 860 కిలో కేలరీలు. ఈ లెక్కన టన్ను వడ్ల ఊకలో దాదాపు 700 యూనిట్లకు సరిపడే వేడి ఉంది. వేడినీ కరెంటునూ నేరుగా కలిపి కూడకూడదని నాకూ తెలుసు. బొగ్గు ప్లాంటులో ఒక యూనిట్ కరెంటు తీయడానికి 2,400 కిలో కేలరీల దాకా ఖర్చవుతుంది. మిల్లు తన ఊకంతా కాల్చదు కూడా, మిగిలింది అమ్ముతుంది. ఇవన్నీ తీసివేసినా మిగిలేది సున్నా మాత్రం కాదు.

ఉప్పుడు బియ్యానికి వడ్లను వేడినీళ్లలో నానబెట్టాలి, ఆవిరి పట్టాలి, డ్రయ్యర్‌లో ఆరబెట్టాలి. ఆ తరువాతే మరలోకి పంపాలి. నీళ్ల వేడి, ఆవిరి, డ్రయ్యర్‌లోకి పోయే వేడిగాలి, మూడూ బాయిలర్ చలవే. కరెంటు పని మోటార్లు, ఎలివేటర్లు, బ్లోయర్లు తిప్పడం వరకే. పచ్చి బియ్యం మిల్లుకు నానబెట్టడం, ఆవిరి పట్టడం లేవు. ఈ రెండు రకాల మిల్లులనూ 'రైసు మిల్లు' అనే ఒకే పద్దు కింద కలిపి సగటు తీస్తే, ఆ సగటు ఏ మిల్లుకూ సరిపోదు.

మా మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసే పెద్దాయన ఊకను కిలోల్లో కొలవడు. ప్రెజర్ ముల్లు చూస్తాడు, పొగగొట్టం వైపు చూస్తాడు, దాన్ని బట్టి తోస్తాడు. పొయ్యిలో గాలి సరిగా అందకపోతే ఊక సగం కాలి నల్లగానే బూడిదలో పడిపోతుంది. బాగా కాలితే బూడిద తెల్లబడుతుంది. చల్లారిన బూడిద గుప్పెడు తీసి వేళ్ల మధ్య నలిపి, ఈ పూట ఎంత ఊక దండగ అయిందో ఆయన చెప్పగలడు. సర్వేకు వచ్చిన యువకుడు ఆయన పక్క నుంచే నడిచి ఆఫీసు గదిలోకి వచ్చాడు. పలకరించలేదు. అది అతని తప్పనను, ఫారంలో ఆయనను అడగవలసిన ప్రశ్న ఏదీ లేదు.

2. ఊకను లెక్కించకపోతే బూడిదా లెక్కకు రాదు. కాలిన ఊకలో ఆరో వంతు నుంచి ఐదో వంతు దాకా బూడిదగా మిగులుతుంది. అందులో అత్యధిక భాగం సిలికా. గాలికి లేచి మిల్లు పక్క వీధుల్లో ఆరేసిన బట్టల మీద, నీళ్ల తొట్లలో, పసిపిల్లల కళ్లలో పడుతుంది. ఊరివాళ్లు పిటిషన్ పెడితే అధికారులు వచ్చి మిల్లును చూసి వెళతారు. ఒక మండలంలో ఏటా ఎంత బూడిద తయారవుతోంది, సిమెంటు ఇటుకలకో మరో పనికో ఎంత పోతోంది, రోడ్డు పక్క గోతుల్లో, కాలువ గట్ల మీద ఎంత పడుతోంది అని అడిగితే జవాబు చెప్పగలవారు ఉండరు. కాలిన ఊక ఎంతో ఉంటే బూడిద ఎంతో చిన్న పిల్లవాడైనా కట్టగల లెక్క. మొదటి అంకెనే సున్నా చేశారు.

3. ఐసు ఫ్యాక్టరీది దీనికి సరిగ్గా తిరగబడిన కథ. అక్కడ దాదాపు అంతా కరెంటే, అయినా సర్వే దాన్నీ సరిగా పట్టుకోలేదు.

డబ్బాల్లో నీళ్లు నింపి ఉప్పునీళ్ల ట్యాంకులో దింపుతారు. అమ్మోనియా కంప్రెసర్ ఆ ఉప్పునీళ్లను సున్నా డిగ్రీల కంటే బాగా కిందికి దించి ఉంచుతుంది. డబ్బా అంచుల దగ్గర మొదలైన గడ్డ నడిమికి చేరేసరికి దాదాపు ఒక రోజు పడుతుంది. కిలో నీళ్లను గడ్డకట్టించాలంటే 80 కిలో కేలరీల వేడి లాగేయాలి. అంతకు ముందు 30 డిగ్రీల నీళ్లను సున్నాకు దించడానికి ఇంకో 30 కిలో కేలరీలు. వేసవిలో నీళ్లు ఇంకా వేడిగా ఉంటాయి, అమ్మోనియాను చల్లబరిచే నీళ్లూ వేడిగానే ఉంటాయి, కనుక అదే దిమ్మకు మే నెలలో డిసెంబరులో కంటే ఎక్కువ యూనిట్లు కాలతాయి. సర్వే ఏడాది మొత్తానికి ఒకే అంకె అడిగింది. ఆ అంకెను దిమ్మల సంఖ్యతో భాగించి, ఈ ఫ్యాక్టరీ కరెంటు దుబారా చేస్తోందనో పొదుపు చేస్తోందనో తేల్చడం సరికాదు.

నాలుగు గంటలు కోత పడితే ఉప్పునీళ్లు వేడెక్కుతాయి. ఆ పూట లాగిన దిమ్మలో నడిమి గట్టిపడి ఉండదు. తెల్లటి దిమ్మలోపల నీళ్లు అటూ ఇటూ కదలడం పైకే కనిపిస్తుంది. క్రషర్‌లో వేస్తే సగం నీళ్లయి పారిపోతుంది. అదే తెల్లవారుజామున భీమవరం పక్క ఊళ్లలో చెరువు పట్టుబడి ఉంటుంది. రొయ్యను నీళ్లలోంచి తీసిన వెంటనే క్రేట్లలో ఐసు వరుస, రొయ్య వరుస వేయాలి. ఐసు తగ్గితే రొయ్య మెత్తబడుతుంది, కొనుగోలుదారు ధర తగ్గిస్తాడు, నష్టం రైతుది. నరసాపురం, అంతర్వేది వైపు వేటకు పోయే పడవ ఐసు లేకుండా బయలుదేరలేదు. కూలీ మీద వేటకు వెళ్లేవాడికి ఆ రోజు వేట లేదంటే ఇంట్లో డబ్బు లేనట్టే. ఇవేవీ మీటరులో కనిపించవు.

4. ఈ అంశమే అన్నిటికంటే ముఖ్యం. కరెంటు వాడకం తగ్గడాన్ని పొదుపుగా చదువుతున్నారు.

2022 ఏప్రిల్ 8 నుంచి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు. నిరంతరం నడిచే పరిశ్రమలు తమ వాడకంలో సగానికే పరిమితం కావాలని, మిగిలినవి వారపు సెలవు కాక ఇంకో రోజు మూసుకోవాలని అప్పటి ఆదేశం. ఆ నెల రీడింగులు తీస్తే వాడకం తగ్గినట్టే ఉంటుంది. అసలు జరిగిందేమిటంటే, జనరేటరు ఉన్నవాళ్లు డీజిల్ కాల్చారు. చిన్న జనరేటరులో లీటరు డీజిల్‌కు మూడు, మూడున్నర యూనిట్లు వస్తే గొప్ప. లీటరు వంద రూపాయలకు దగ్గరలో ఉంటే యూనిట్ ముప్ఫై రూపాయల చుట్టూ పడుతుంది. జనరేటరు లేనివాళ్లు మూసుకున్నారు. మూసిన రోజు హమాలీకి కూలి లేదు. ఆ హమాలీలు జట్టు మేస్త్రి కింద ఉంటారు, మిల్లు రిజిస్టరులో ఉండరు, అందువల్ల పోయిన కూలి కూడా ఏ కాగితంలోనూ లేదు.

కాబట్టి కరెంటు, డీజిల్, పని రోజులు మూడూ ఒకే పేజీలో, నెలవారీగా ఉండాలి. విడివిడిగా అడిగితే ఒకచోట తగ్గినది ఇంకోచోట పెరిగిన సంగతి దొరకదు. కోతల మీద నిర్ణయం తీసుకునేవారి బల్ల మీద ఈ పేజీ ఉంటే, ఏ యూనిట్‌ను ఏ గంటల్లో ఆపితే నష్టం తక్కువో తెలుస్తుంది. ఐసు ఫ్యాక్టరీకి రాత్రి కోత ఒక రకం, పగటి కోత ఇంకో రకం. పీచు మిల్లుకు రాత్రి కోతతో పనే లేదు. అందరికీ ఒకే సెలవు పెట్టడం సమన్యాయంలా కనిపిస్తుంది కానీ కాదు. దీనికి తోడు అదే ఏడాది పరిశ్రమల మీద విద్యుత్ సుంకం యూనిట్‌కు 6 పైసల నుంచి రూపాయికి చేరింది. ఆ భారం ఏ యూనిట్ మోయగలదో, ఏది ఊక వైపో కట్టెల వైపో జరుగుతుందో ముందే చెప్పగల సమాచారం ఉండి ఉంటే, ఆ నిర్ణయం మీద చర్చ అయినా సరిగా జరిగేది.

5. మీటరే లేని యూనిట్లు. లంకల్లో, ఏటి గట్ల వెంట ఇటుక బట్టీలు సంక్రాంతి దాటాక మొదలై వానలు పడేలోగా ముగుస్తాయి. వాటి ఇంధనం ఊక, కట్టెలు, కొన్నిచోట్ల బొగ్గు. కరెంటు సర్వీసు నంబర్ల జాబితా పట్టుకుని సర్వేకు బయలుదేరితే ఇవి జాబితాలోనే ఉండవు. వర్షాకాలంలో వెళితే ఖాళీ నేల కనిపిస్తుంది. ఇవి మిల్లుల దగ్గర ఊక కొంటాయి. ఊకతో కరెంటు తీసే ప్లాంట్లూ అదే ఊకకు పోటీ పడతాయి. ఊక ధర పెరిగితే ఇటుక ధర పెరుగుతుంది, రెండు గదుల ఇల్లు కట్టుకుంటున్న మనిషి దాన్ని భరిస్తాడు. ఊక దొరకనప్పుడు బట్టీలోకి ఏ చెట్లు పోతాయో విడిగా చెప్పనక్కర్లేదు.

కొబ్బరి పీచు మిల్లు సంగతి ఇంకో వింత. పీచు తీసే యంత్రం కరెంటుతో నడుస్తుంది, పీచు ఆరేది ఎండకు. కళ్లంలో పీచు తిరగేసే ఆడవాళ్ల చేతులు, నెత్తిన కాసే సూర్యుడు ఏ ఇంధన పద్దులోనూ ఉండరు. ఉండాలని నేను వాదించను. అయితే ముసురు పట్టిన వారం మిల్లు ఎందుకు ఆగిందో, ఆ వారం కరెంటు ఎందుకు తగ్గిందో తెలియాలంటే ఫారంలో ఒక ప్రశ్నైనా ఉండాలి.

6. గ్యాసు. ఈ మాట ఎత్తితే కోనసీమలో ఎవరికైనా రెండు తేదీలు గుర్తొస్తాయి. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాసు బావి బద్దలై రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి, నిద్రలో ఉన్నవాళ్లు ఇరవై మందికి పైగా చనిపోయారు. కొబ్బరితోటల కిందుగా వెళ్లే ఆ గొట్టాల్లోని గ్యాసు ఎక్కడ, ఏ పనికి కాలుతోందో అడిగే హక్కు ఆ ఊళ్లకు ఉంది. ఎరువుల తయారీలో గ్యాసు రెండు పనులు చేస్తుంది. కొంత ఇంధనంగా మండుతుంది, కొంత ముడిసరుకుగా యూరియాలోకే వెళ్లిపోతుంది. ఈ రెంటినీ విడదీయని సర్వే ఇంధన సర్వే అనిపించుకోదు. ఇంకోవైపు కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ గ్యాసును నమ్ముకుని వేమగిరిలో, రావులపాలెం దగ్గర, సామర్లకోట వైపు కట్టిన విద్యుత్ ప్లాంట్లు గ్యాసు తగ్గిపోయాక ఏళ్ల తరబడి ఖాళీగా నిలబడ్డాయి. పైపు దగ్గరలోనే ఉన్న చిన్న యూనిట్ ఇప్పటికీ ఊకో, కట్టెలో, సిలిండరో చూసుకుంటోంది. ఇవ్వండి అని ఇక్కడ అడగడం లేదు. ఎవరికి ఎంత వెళుతోందో లెక్క చెప్పమంటున్నాను.

7. "సర్వేలు ఉన్నాయి కదా" అని మీరు అనవచ్చు. ఉన్నాయి. వార్షిక పరిశ్రమల సర్వే ప్రధానంగా 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కింద నమోదైన వాటిని చూస్తూ వచ్చింది. కరెంటుతో నడిచేచోట 10 మంది, కరెంటు లేనిచోట 20 మంది పనివాళ్లు ఉంటేనే ఆ చట్టం వర్తించేది. రిజిస్టరు ప్రకారం ఐసు ఫ్యాక్టరీల్లో చాలావాటికి అంతమంది ఉండరు. నమోదు కాని చిన్న సంస్థల మీద ఇంకో వార్షిక సర్వే ఉంది. దాని దృష్టి ఉపాధి, ఆదాయం, ఖర్చుల మీద. 2001 ఇంధన పొదుపు చట్టం కింద ఇంధన వాడకం తగ్గించే లక్ష్యాలు పెట్టే పథకం 2012లో మొదలైనప్పుడు దేశం మొత్తం మీద 8 రంగాల్లో 478 పెద్ద యూనిట్లను తీసుకుంది. కాగితం, ఎరువులు, కాస్టిక్ సోడా వంటివి అందులో ఉన్నాయి, రైసు మిల్లు లేదు. చిన్నవాటిని చూడడం అసాధ్యమా అంటే అదీ కాదు. ఇంధన సామర్థ్య బ్యూరో చిన్న పరిశ్రమల కార్యక్రమం కింద ఒకప్పుడు భీమవరం ఐసు ఫ్యాక్టరీలను, ఉభయ గోదావరి జిల్లాల్లో వేడిని తట్టుకునే ఇటుకలు చేసే యూనిట్లను ఎంచుకుని, యంత్రం యంత్రం కొలిపించి పుస్తకాలు వేసింది. అంటే పద్ధతి తెలుసు. కొనసాగించలేదు, అంతే.

అమెరికాలో ఇంధన సమాచార సంస్థ 1985 నుంచి తయారీ రంగం ఇంధన వాడకం మీద ప్రత్యేక సర్వే చేస్తోంది, ఇప్పుడు నాలుగేళ్లకోసారి. కొన్న ఇంధనం, సొంతంగా తయారుచేసుకున్న ఇంధనం, ముడిసరుకుగా వాడినది విడివిడిగా అడుగుతారు. ఆవిరికెంత, చల్లబరచడానికెంత, మోటార్లకెంత అని అడుగుతారు. మీ ఇంధనం దొరక్కపోతే 30 రోజుల్లో ఇంకోదానికి మారగలరా అని కూడా అడుగుతారు. ఈ చివరి ప్రశ్న ఒక్కటి మా దగ్గర అడిగినా కోతల సమయంలో మీకు ఎంతో పనికొచ్చేది. ఆ సర్వేను ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెట్టమనడం లేదు. అక్కడ గ్యాసు మీటరు గుండా వస్తుంది, మా ఊక గోడ పక్క కుప్పగా ఉంటుంది.

ఇక మా వాళ్లకు ఒక మాట. మిల్లు యజమానులు, ఫ్యాక్టరీ యజమానులు సర్వే వాళ్లకు అంకె తగ్గించి చెప్పడం నాకు తెలియనిది కాదు. బ్యాంకుకు ఒక అంకె, పన్నుల వాళ్లకు ఒక అంకె, సర్వేకు ఒక అంకె చెబుతూ, తరువాత ప్రభుత్వానికి మా కష్టం తెలియదని అనడం న్యాయం కాదు. భయం మాత్రం నిజమైనదే. డీజిల్ ఎంతో చెబితే పన్నుల వాళ్లు వస్తారని, ఊక ఎంతో చెబితే కాలుష్యం వాళ్లు వస్తారని, మోటార్ల హార్స్‌పవర్ చెబితే అదనపు లోడు కింద జరిమానా రాస్తారని అనుకుంటారు. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ప్రకారం ఇచ్చిన సమాచారాన్ని గణాంకాలకే వాడాలి, ఎవరిదో గుర్తుపట్టేలా ప్రచురించకూడదు. ఈ సంగతి మా దగ్గరికి వచ్చిన సర్వేయరు చెప్పలేదు. బహుశా అతనికీ ఎవరూ చెప్పి ఉండరు.

మేము కోరుతున్నవి ఇవి.

ఒకటి, ఇంధనాల జాబితాలో ఊక, కట్టెలు, చెరకు పిప్పి, కొబ్బరి చిప్పలు, బొగ్గు, డీజిల్, సిలిండరు గ్యాసు, పైపు గ్యాసు, సొంత సోలార్ దేనికది ప్రత్యేక వరుసలో ఉండాలి. 'ఇతర ఇంధనం' అనే గడి చివర ఒకటి ఉండవచ్చు, అందులో ఊక ఉండకూడదు. కొన్నది, సొంతంగా వచ్చినది, అమ్మినది వేరువేరుగా రాయించాలి. బరువు తెలియనిచోట ట్రాక్టరు లోడు, బస్తా, తట్ట లెక్కన రాయించి, ప్రతి జిల్లాలో కొన్ని లోడ్లు కాటా వేయించి ఆ కొలతను బరువుగా మార్చుకోవాలి. అది సర్వే చేసేవారి పని, బాయిలర్ మనిషి పని కాదు.

రెండు, ఏ ఇంధనం ఏ పనికి అని అడగాలి. ఉప్పుడు బియ్యం మిల్లును పచ్చి బియ్యం మిల్లు నుంచి విడదీయాలి. మోటార్లు మార్చుకోవడానికి సాయం అంటూ పథకాలు వస్తున్నాయి, మంచిదే. ఆవిరి గొట్టాలకు పైతొడుగు లేక, పొగగొట్టం గుండా వేడి పోతున్న మిల్లుకు మోటారు మార్చితే ఎంత మిగులుతుంది? ఈ ప్రశ్నకు జవాబు మీ సర్వేలో దొరకాలి.

మూడు, సార్వా (ఖరీఫ్), దాళ్వా రెండు కాలాల్లోనూ అడగాలి. ఐసుకు వేసవి, శీతాకాలం. బట్టీలకు బట్టీ మండుతున్న నెలల్లోనే వెళ్లాలి. సర్వీసు నంబర్ల జాబితాతో పాటు పంచాయతీల నుంచి కూడా పేర్లు తీసుకోవాలి.

నాలుగు, సర్వేకు వచ్చే మనిషికీ బిల్లు వసూలుకూ తనిఖీలకూ సంబంధం ఉండకూడదు. చట్టం ఇచ్చే గోప్యత హామీ తెలుగులో అచ్చువేసి, ముందు చేతికిచ్చి, ఆ తరువాతే ప్రశ్నలు మొదలుపెట్టాలి. ఫారం కూడా తెలుగులో ఉండాలి. రోజుకు ఇన్ని యూనిట్లు అనే కోటా తీసేయాలి. ఒక మిల్లు నిజంగా చూడడానికి సగం రోజు పడుతుంది.

ఐదు, కోత పడినప్పుడు ఏమి చేశారు, ఎన్ని గంటలు ఆగారు, జట్టు కూలీలతో సహా ఎంతమందికి పని పోయింది అని అడగాలి. జట్టు మేస్త్రిని కూడా అడగాలి.

ఆరు, ఫలితాలు మాకు తిరిగి ఇవ్వాలి. అర్జీలో మేము గట్టిగా అడిగింది ఇదే. ఎన్ని ఫారాలు నింపినా ఒక్క పట్టిక కూడా ఈ బల్ల మీదికి తిరిగి రాలేదు. మండలం వారీగా, ఇంధనం వారీగా, యూనిట్ రకం వారీగా ప్రచురించాలి. ఒక మండలంలో ఒకటో రెండో ఫ్యాక్టరీలే ఉంటే వాటి గుట్టు బయటపడకుండా పక్క మండలంతో కలిపి ఇవ్వవచ్చు. టన్ను వడ్లకు మా మిల్లు ఎంత ఊక కాలుస్తోందో, చుట్టుపక్కల మిల్లుల సగటు ఎంతో పక్కపక్కన కనిపిస్తే, పథకం ఏదీ లేకపోయినా యజమాని తానే బాయిలర్ దగ్గరికి నడిచి వెళతాడు.

ఏడు, ఇప్పటికే నమోదైన సున్నాలను తుది లెక్కల్లో కలపకుండా ఆపాలి. ఉప్పుడు బియ్యం మిల్లు అని రాసి ఉండి, బాయిలర్ ఇంధనం సున్నా అని ఉన్న ప్రతి ఫారాన్నీ వెనక్కి తీయడం కంప్యూటర్‌కు ఒక నిమిషం పని. ఆ జాబితా తీసి, ఆ మిల్లులకు మళ్లీ మనిషిని పంపండి.

సార్వా కోతలు మొదలయ్యేలోగా ఏడో కోరికకైనా లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. మా అర్జీ నకలు, దానికి ఇచ్చిన రసీదు, నేను లెక్కలు రాసే మిల్లుల్లో ఒక సీజను ఊక, డీజిల్, కరెంటు పద్దులు యజమానుల అనుమతితో సిద్ధంగా ఉంచాను. ఏ అధికారి వచ్చినా చూపిస్తాను. బాయిలర్ పెద్దాయన ఉదయం షిఫ్టులో ఉంటారు, ఆయనతో మాట్లాడాలంటే పదిలోపు రావాలి.

ఇట్లు,
చిన్న మిల్లులు, ఫ్యాక్టరీల లెక్కలు రాసే ఒక గుమాస్తా,
పశ్చిమ గోదావరి జిల్లా